నోరుగుట్ట: సగం మాట

పోయిన వారం మనం మొండయ్యను తడి చొక్కాతో, చేతిలో కర్రతో, నోరుగుట్ట ముందు బండ మీద వదిలి వచ్చాం. అతను ఇంకా అక్కడే ఉన్నాడు. రాళ్ళమడుగు ఊరంతా సామాను సర్దుకుంది. ములకలపల్లి నుంచి వచ్చిన నాలుగు ట్రాక్టర్లు మంచాలు, బియ్యం బస్తాలు, గ్యాసు బండలు ఎత్తుకుని గుట్ట ముందు చదునులో నిలబడ్డాయి. తొమ్మిది రోజులుగా గుట్ట మీంచి రాళ్ళు దొర్లుతున్నాయి. మూడు ఇళ్ళు కూలాయి. ఊరు ఖాళీ చేయాలని, చేసే ముందు గుట్ట ఎదురుగా నిలబడి అందరూ కలిసి ఒక్క మాట చెప్పాలని ఊరి మంత్రగాడు వెంకటప్పయ్య అన్నాడు. ఊరు సరేనంది. కాదన్నది మొండయ్య ఒక్కడే.

గుట్ట లోపల అతని భార్య ఉంది. అందుకు కాదన్నాడు.

మూడేళ్ళ కింద సమ్మక్క గుట్ట నోట్లోకి, ఆ గుహలోకి వెళ్ళింది. ఆమె వెనకాల బండ మూసుకుంది. పదకొండో రోజున ఊరు ఆమెకు దినం చేసి మొండయ్య ముందు విస్తరి వేసింది. "చచ్చింది అని కండ్లతోటి చూసినోడు వచ్చి చెప్పుండ్రి, తింట" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. అతను తినలేదు. ఆ తర్వాత ఊళ్ళో ఏ ఇంటా విస్తరి ముందు కూర్చోలేదు.

రాకట్టు సంగతి మరోసారి చెప్పుకుందాం. అది తెలియనిదే ఈ పూట జరిగింది తెలియదు.

మన దగ్గర గడప దాటేవాడు "పోతున్న" అనడు. "పోయొస్త" అంటాడు. ఇంట్లో ఉన్నవాళ్ళు "పో" అనరు. "పోయిరా" అంటారు. మిగతా ఊళ్ళలో అది మర్యాద. రాళ్ళమడుగులో అది మంత్రం. వెళ్ళేవాడి నోట్లో ఒక కొస, ఉండేవాడి నోట్లో ఇంకో కొస. రెండూ కలిస్తే ముడి పడుతుంది, అదే రాకట్టు. ముడి పడ్డవాడు ఎంత లోపలికి వెళ్ళినా గుట్ట తిరిగి పంపాల్సిందే. ముడి పడనివాణ్ణి ఉంచుకుంటుంది. ముప్పై ఏళ్ళలో అలా ఉండిపోయినవాళ్ళు ఐదుగురు. తేనె కోసం వెళ్ళిన జంపయ్య, మేకను వెతుకుతూ వెళ్ళిన తండా బిచ్యా, ఇంకో ఇద్దరు, చివరికి సమ్మక్క.

అందుకే ఈ ఊరివాళ్ళు చెంబు పట్టుకుని చేలోకి వెళ్ళినా చెప్పి వెళ్తారు. కొత్తగూడెం బస్సు కండక్టరు ఈ స్టాపు వస్తే తల పట్టుకుంటాడు. ఎక్కినవాళ్ళు కిటికీలోంచి "పోయొస్త" అని, దిగువనున్నవాళ్ళు "పోయిరా" అని, ఒక్కొక్కరు ఒక్కొక్కరికి చెప్పుకునే దాకా డ్రైవరు బండి కదిలిస్తే ఒప్పుకోరు. చిన్నపిల్లలు ఫోను పెట్టేసేటప్పుడూ అంటారు.

ఇక ఈ పూట సంగతి.

ఉదయం తొమ్మిదైంది. వాన తెరిపిచ్చి ఎండ కాసింది. తడిసిన గుట్ట నల్లగా, బొగ్గు బాయిలో గోడలాగా మెరుస్తోంది. మొండయ్యకు ఆ మెరుపు తెలుసు. ఇల్లందు బాయిలో ముప్పై ఒక్క ఏళ్ళు చేశాడు. మందు పేల్చాక పొగ తగ్గగానే ముందు లోపలికి వెళ్ళి కర్రతో పైకప్పు తట్టి చూడటం అతని పని. గట్టి కప్పు గంటలా మోగుతుంది. విడిచిన కప్పు పగిలిన కుండలా పలుకుతుంది. అతను తలూపితేనే మిగతావాళ్ళు లోపలికి వచ్చేవాళ్ళు. రిటైరయ్యాక అందరూ శాలువా తెచ్చుకున్నారు. అతను ఆ కర్ర అడిగి తెచ్చుకున్నాడు.

"ఓ మొండన్నా!" ట్రాక్టరు మీంచి జంపక్క కేక వేసింది. కుట్టు మిషనును రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. "సామాను సర్దలే?"

"లే."

"పోనీ ఆ కోళ్ళనన్న నాకియ్యరాదూ. తీస్కపోత."

"అడిగిన. అవి కూడ రామన్నయి."

జనంలో నలుగురు నవ్వారు. నవ్వకూడదని గుర్తొచ్చి ఆపేశారు. మొండయ్యతో మాట్లాడొద్దని ముందు రోజే అనుకున్నారు.

"దిగు జంపక్కా, అందరితోటి నిలబడి అనాలె" అన్నాడు ట్రాక్టరు డ్రైవరు.

"నేను దిగితే మిషను నీ అయ్య పట్టుకుంటడా? ఇక్కణ్ణుంచే అంట. గుట్టకు చెవుడు లేదు కద."

అప్పుడు వెంకటప్పయ్య వచ్చాడు. తెల్ల చొక్కా మీద బురద చుక్క లేదు. చేతిలో మైకు ఉంది. ఆటో మీద రెండు స్పీకర్లు కట్టించాడు. సమ్మక్కకు తమ్ముడు. తల్లి పోతే ఎనిమిదో ఏట నుంచి సమ్మక్కే సాకింది. ఆమెతో పాటే మొండయ్య ఇంటికి వచ్చి, ఆ ఇంట్లోనే పెరిగాడు. చిన్నప్పటి నుంచీ నత్తి. 'బావా' అనబోతే 'బ' దగ్గరే ఆగిపోయేవాడు. ఆ పిలుపు పూర్తయ్యేలోగా మొండయ్య చుట్ట కాల్చడం అయ్యేది. ఐదేళ్ళ కింద గుట్టలోకి వెళ్ళి ఏడు రోజులకు బయటికి వచ్చాడు. వచ్చాక నత్తి లేదు. మాట వాగులా పారింది. మంత్రాలు వచ్చాయి. ఊరు దాన్ని మహిమ అంది. సమ్మక్క మాత్రం ఆ రోజు నుంచీ తమ్ముడికి అన్నం పెట్టేటప్పుడు అతని ముఖంలోకి చూడటం మానేసింది.

"బావా, బండ మీంచి లే. నువ్వు అడ్డముంటే జనం మాట గుట్టకు చేరది."

"మాట చేరేదుంటె నన్ను దాటి పోదా? నేనేం గుట్టకన్న పెద్దగున్ననా?"

వెంకటప్పయ్య నవ్వి జనం వైపు తిరిగాడు. మైకులోకి ఊదాడు. స్పీకర్లు కీచుమన్నాయి.

"నేను చెప్పినంక అందరు మూడుసార్లు అనాలె. 'తల్లీ, పోతున్నం.' గంతే. అన్నంక వెనక్కి చూడకుండ ట్రాక్టర్లు ఎక్కాలె. జల్దీ."



"పోతున్నమా, పోయొస్తమా?" జంపక్క అడిగింది.

"పోతున్నం."

"నోరు తిరుగుతలేదు వెంకటప్పా. పుట్టి బుద్ధెరిగి అన్లే ఆ మాట."

"ఇయ్యాల అను. అంటె బతుకుతవ్."

పైన ఎక్కడో ఒక రాయి కదిలింది. దొర్లుకుంటూ వచ్చి చదును అంచున మోదుగు మొక్కను విరిచి ఆగింది. పిల్లలు ఏడుపు అందుకున్నారు. ఆడవాళ్ళు చేతులు జోడించారు. ముందు వరుసలో ఒక ముసలాయన పెదవులు కదలడం మొండయ్య చూశాడు.

కర్రతో బండను గట్టిగా కొట్టాడు.

"ఎవ్వరు అనకుండ్రి! పోతున్న అన్నోడు ఎవరికి దక్కుతడో మీకెవ్వరికి తెల్వదా? ట్రాక్టరెక్కితె ఇడిసిపెడ్తది అనుకుంటున్రా? ఖమ్మం పోయినా, కుసుమంచి పోయినా, ఆ మాట అన్నంక మీరు దాని మనుషులే. వీడు మిమ్మల్ని ఊరు దాటిస్తలేడు. గుట్టకు అప్పజెప్తుండు."

"కట్టు ఉన్నప్పటి మాట అది బావా" అన్నాడు వెంకటప్పయ్య, చాలా మెల్లగా, మైకులోనే. "ఇప్పుడు కట్టెక్కడుంది? తెగింది. అందుకే రాళ్ళు పడుతున్నయ్. తెంపినోడు ఎవడో చెప్పమంటవా?"

"చెప్పు."

"మూడేండ్ల కింద మా అక్క గడపల నిలబడి నీకు పోయొస్త అని చెప్పింది. నువ్వు కోళ్ళ గూటికి మేకు కొట్టుకుంట, తల కూడ ఎత్తకుండ, 'పో' అన్నవ్. రా అన్లే. ఊరంతా ఇంటున్నది. ఇప్పుడు చెప్పు బావా. అన్నవా, అన్లేదా?"

స్పీకర్లలోంచి ఆ మాట గుట్టను తాకి వెనక్కి వచ్చింది. పో అన్నవ్. అన్నవ్.

సమ్మక్క గడపలో నిలబడ్డ పూట మొండయ్య కళ్ళ ముందు కదిలింది.

ఆ పూట వెంకటప్పయ్య మీదే గొడవ. వీడు ఊరిని తన చేతిలో పెట్టుకోవాలని చూస్తున్నాడు, వీణ్ణి ఇంట్లోకి రానీయకు అన్నాడు మొండయ్య. సమ్మక్క జొన్న గట్క దించి, చేతులు కడుక్కుని, కొంగు నడుముకు చుట్టుకుంది. "నా తమ్ముణ్ణి తోలుకొస్త" అంది. తమ్ముడిని వెనకేసుకొస్తోందని అనుకున్నాడు. ఒళ్ళు మండింది. "పోయొస్త" అంది. అతను మేకు మీద సుత్తి దెబ్బ వేసి "పో" అన్నాడు. ఆమె కదల్లేదు. రెండో ముక్క కోసం నిలబడింది. కొంగు విప్పి మళ్ళీ చుట్టుకునేంత సేపు నిలబడింది. అతనికి తెలుసు. వీపు మీద ఆమె చూపు తెలుసు. ఇంకో మేకు తీసి గూటికి ఆనించాడు. అది వంకర పోయింది. దాన్ని సరిచేసి తలెత్తేసరికి గడపలో ఎవరూ లేరు.

ఆ వంకర మేకు ఇప్పటికీ గూటికి ఉంది. పీకలేదు.

మొండయ్య బండ దిగాడు. వెంకటప్పయ్య దగ్గరికి వెళ్ళి చేతిలోంచి మైకు తీసుకున్నాడు. జనం మీదకు తిరిగాడు.

"అవ్. అన్న. పో అన్న. రా అన్లే."

మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మూడేండ్లు దాచిన. సిగ్గుతోటి దాచిన. మీరు నన్ను ఎన్నన్న అనుండ్రి, పడ్త. మాఫీ అడుగుత అనుకోకుండ్రి, అడగ. ఆ మాట అన్నోడికి మాఫీ ఉండద్దు." అతను వెంకటప్పయ్య వైపు తిరిగాడు. "కాని బామ్మర్దీ, ఆ పూట ఇంట్ల ఇద్దరమే ఉన్నం. నేను ఎవ్వరికి చెప్పలే. ఆమె గడప దాటి తిన్నగ గుట్టల్కి పోయింది, మళ్ళ ఎవ్వరికి కనబడలే. కోళ్ళ గూడు సంగతి, మేకు సంగతి నీకెవరు చెప్పిండ్రు?"

ఈసారి గుట్ట ఆ ప్రశ్నను వెనక్కి పంపింది. ఎవరు చెప్పిండ్రు. చెప్పిండ్రు.

"గుట్ట చెప్పింది" అన్నాడు వెంకటప్పయ్య.

మొండయ్య ముప్పై ఒక్క ఏళ్ళు కప్పు తట్టి విన్నవాడు. ఆ జవాబు పగిలిన కుండలా పలికింది.

"గుట్టకు గడప తెలుసు. మేకెట్ల తెలుసురా? నువ్వు ఆమెను చూసినవ్. ఇక్కడ, ఈ నోటి కాడ చూసినవ్. ఇంట్ల ఏమన్నరు అని అడిగినవ్. లోపల్కి పొయ్యేటోళ్ళను అడగడం రివాజు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. అవునా?"

వెంకటప్పయ్య ముఖంలో ఏమీ కదల్లేదు. భయం లేదు. సిగ్గు అసలే లేదు.

"అవ్. అడిగిన. చెప్పింది. ఏడుసుకుంట చెప్పింది. అయితే ఏంది?"

"అయితే ఏందా!" ట్రాక్టరు మీద జంపక్క లేచి నిలబడింది. కుట్టు మిషను ఒక పక్కకు ఒరిగింది, ఆమె పట్టించుకోలేదు. "తోడబుట్టినోడివి. పుట్టింటోడివి. మొగుడు అనకపోతె నువ్వనద్దా? ఒక్క 'రా' అంటె ముడి పడిపోవు కద! నీ నోట్ల ఏం పెట్టుకున్నవ్రా అప్పుడు?"

ఊళ్ళో అందరికీ ఆ సంగతి తెలుసు. ఇంట్లో అననిది పుట్టింటివాడు అంటే చెల్లుతుంది. ఎదురొచ్చిన తమ్ముడు ఒక్క అక్షరం పలికితే సమ్మక్క పొద్దు తిరిగేసరికి ఇంట్లో ఉండేది.

"ఎత్తుకొని సాకిందిరా నిన్ను" అన్నాడు మొండయ్య. మైకు కిందికి దించాడు. ఈ మాట ఊరికి కాదు. "నీ నత్తికి పిల్లలు నవ్వితె, వాళ్ళ ఇండ్ల మీదికి పోయి కొట్లాడింది. నేను కోపంల అన్న. నాకు కోపమన్న ఉండె. నీకేముండె? రా అననీకి నీకు నోరెట్ల రాలేదు?"

వెంకటప్పయ్య అతని వైపు చాలా సేపు చూశాడు. కొత్త వస్తువును చూసినట్టు చూశాడు. తర్వాత మైకు లేకుండానే గొంతు పెంచాడు. ఆ గొంతు స్పీకర్ల కంటే గట్టిగా వినిపించింది.

"పాత ముచ్చట్లు అయినయా? రాయి మాత్రం ఆగలే. అటు చూడుండ్రి!"

ఈసారి ఒకటి కాదు. గుట్ట భుజం మీంచి పది, పదిహేను రాళ్ళు ఒకేసారి లేచాయి. వెనక ట్రాక్టరు పక్కగా ఒకటి దూకి, బియ్యం బస్తాను చీల్చుకుని పోయింది. జనం చెల్లాచెదురయ్యారు. "తల్లీ" అని ఎవరో మొదలుపెట్టారు. "తల్లీ, పో..."

"ఆగు!" మొండయ్య గుట్టకు వీపు పెట్టి, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. "మీరు పోవాలంటే పోండ్రి. నేనేం ఆపుత లేను. పోయొస్తం అని పోండ్రి! నాకు చెప్పి పోండ్రి. నేను ఈడనే ఉంట. ఎవ్వడు ఏడికి పోయినా నేను పోయిరా అంట. ఉండేటోడు ఒక్కడున్నా కట్టు తెగదు. నేనుంట. రాయి పడని, గుట్ట పడని, నేనుంట!"

ఒక రాయి అతనికి రెండు గజాల దూరంలో పడి పగిలింది. ముక్క తగిలి చెంప కోసుకుపోయింది. తుడుచుకోలేదు.

జంపక్క ట్రాక్టరు దిగింది. మిషనును వదిలేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, పడుతున్న రాళ్ళ మధ్య నుంచి నడిచి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"మొండన్నా, నువ్వు చేసింది నేను మర్సిపోను. సమ్మక్క ముఖం చూసినంక చెప్త నీ సంగతి."

"చెప్పు."

"పోయొస్త."

"పోయిరా" అన్నాడు మొండయ్య. మూడేళ్ళలో ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. తుప్పు పట్టిన గొళ్ళెంలా వచ్చింది.

ఆమె వెనకాల ఆమె కోడలు. ఆ వెనక ముసలాయన. ఆ వెనక పిల్లలను చంకన వేసుకున్న ఆడవాళ్ళు. పోయొస్త. పోయిరా. పోయొస్తం పెద్దయ్యా. పోయిరండ్రి. ఒక్కొక్కరికీ చెప్పాడు. ఎవరినీ తొందరపెట్టలేదు, ఎవరికీ సగం చెప్పలేదు. ముడి పడుతున్నకొద్దీ రాళ్ళు తగ్గాయి. ఇరవై ముళ్ళకు చిన్న రాళ్ళు మాత్రం జారాయి. నలభైకి మట్టి రాలింది. చివరి మనిషి చెప్పేసరికి గుట్ట మీద అడవి కోడి కూత వినిపించింది. తొమ్మిది రోజుల తర్వాత.

ట్రాక్టర్లు మాత్రం కదల్లేదు. పోయొస్త అని చెప్పినవాళ్ళు ఒక్కరూ ఎక్కలేదు. అక్కడే నిలబడి చూస్తున్నారు.

వరుసలోకి రానిది ఒక్క చాంది. వాగవతలి తండా ఆమెది. బిచ్యా భార్య. ఆమె నేరుగా మూసుకున్న బండ దగ్గరికి వెళ్ళి దాని మీద అరచెయ్యి పెట్టింది.

"అందరికి పోయిరా అన్నవ్ అన్నా" అంది. "ఆమెకొక్కదానికే సగం అని ఊకున్నవ్. మిగతా సగం ఎప్పుడంటవ్?"

"మూడేండ్లయింది చాందీ. ఇప్పుడంటె ఏమొస్తది?"

"నాకు తెల్వది. నా బిచ్యా తాగి పోయిండు. చెప్పనే లేదు, నేను ఇననే లేదు. పట్టుకోనీకి నా చేతుల కొసనే లేదు. నీకు సగమన్న ఉంది. గొంతుల సగం మాట ఇరికితె మనిషే తన్నుకుంటడు. గుట్టకు ఇరికింది, మూడేండ్లు ఓర్చింది. అందుకే గీ రాళ్ళు. వెంకటప్ప చెప్పినట్టు కట్టు తెగి కాదు. కట్టు సగంల ఉండి."

మొండయ్య ఆమె వైపు చూశాడు. ఇన్నేళ్ళూ తను చేసింది తప్పు అనుకున్నాడు. తప్పు కాదు, సగం పని. బాయిలో సగం పని వదిలి పైకి వచ్చినవాణ్ణి అతను ఎన్నడూ క్షమించలేదు.

కర్ర తీసుకుని బండ దగ్గరికి నడిచాడు.

"బావా, వద్దు!"

వెంకటప్పయ్య గొంతు. ఆ గొంతులో భయాన్ని ఊరు మొదటిసారి వింది. "ఆ మాట అనకు. ఇన్నేండ్లకు అంటె ఏమొస్తదో నీకు తెల్వది. మన అందరి మంచికే చెప్తున్న."

"నువ్వు వద్దన్నవంటె అనాల్సిందే" అన్నాడు మొండయ్య.

బండను తట్టాడు. కింద తట్టాడు, గంటలా మోగింది. నడుము ఎత్తున తట్టాడు, గంటే. తల ఎత్తున తట్టాడు. పగిలిన కుండ. అవతల బోలుగా ఉంది. బండ మందం జానెడు కూడా లేదు. మూడేళ్ళు ఆ జానెడు అవతల ఆమె ఉంది. అతను ఇవతల కోళ్ళకు గింజలు వేసుకుంటూ ఉన్నాడు.

పగులు దగ్గర నోరు పెట్టాడు. ఏమని పిలవాలి? నలభై ఏళ్ళ కాపురంలో ఆమెను పేరుతో పిలవలేదు. అతని తరంలో భార్య పేరు పైకి అన్న మగవాడు లేడు. ఏయ్ అనేవాడు. ఇగో అనేవాడు. ఎక్కువసార్లు ఏమీ అనకుండా వట్టి 'రా' అనేవాడు. ఆ మాటకు ఇంట్లోంచి వచ్చేది ఆమె ఒక్కతే.

"రా" అన్నాడు.

గుట్ట మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టయింది. తర్వాత లోపలి నుంచి చప్పుడు వచ్చింది. టక్. టక్. టక్. రాతి మీద మట్టిగాజు చప్పుడు. వంటింట్లో చేతులు ఖాళీ లేనప్పుడు ఆమె తలుపును మోచేత్తో తట్టే తీరు. మూడే. ఎప్పుడూ మూడే. మొండయ్య కర్ర జారవిడిచి బండను రెండు చేతులతో పట్టుకున్నాడు.

టక్ టక్. ఇది కింద నుంచి. టక్. ఇది ఎడమ పక్క నుంచి. ఇంకోటి పై నుంచి. బాయిలో కప్పు కూలినప్పుడు అవతల చిక్కుకున్నవాళ్ళంతా ఇలాగే కొడతారు, ఎవరి చోటి నుంచి వాళ్ళు.

"అన్నా" చాంది అతని చొక్కా పట్టి లాగింది. "పేరు చెప్పినవా?"

"లే."

"పేరు చెప్పకుండ వట్టి రా అన్నవా!"

బండ అవతలి నుంచి జవాబు వచ్చింది. ఇంట్లో రా అంటే సమ్మక్క ఎప్పుడూ 'వస్తున్న' అనేది. ఆ గొంతు ఉంది అందులో. కాని ఆ గొంతు ఒక్కటే కాదు.

"వస్తున్నం."

జంపక్క నోరు మూసుకుని కూలబడింది. ఆ గొంతుల్లో ఆమె అన్న జంపయ్యది ఉంది. చాంది బండకు చెవి ఆనించి బిచ్యా దగ్గు వెతుక్కుంటోంది. మొండయ్య మాత్రం ఇంకో గొంతు విన్నాడు. అన్నిటికంటే వెనక, అన్నిటికంటే లోతుగా, ఒక అక్షరం దగ్గర ఆగి ఆగి కొట్టుకుంటున్న గొంతు.

"బ... బ... బ... బావా."

ఐదేళ్ళ కింద ఆ గొంతుకు "పోయిరా" అని చెప్పి పంపింది సమ్మక్క. ముడి పడింది. గుట్ట తిరిగి పంపింది. ఎవరిని పంపిందో ఊళ్ళో ఎవరూ చూసుకోలేదు. చూసుకున్నది ఆమె ఒక్కతే. అందుకే ఆ పూట నా తమ్ముణ్ణి తోలుకొస్త అంది.

బండ మీద పగులు వేలెడంత తెరుచుకుంది.

వెనక నుంచి మొండయ్య భుజం మీద ఒక చెయ్యి పడింది. తడి రాయిలా చల్లగా ఉంది.

"బావా" అంది నత్తి లేని గొంతు.